క్యాంపింగ్‌కి వంటిల్లు మోసుకెళ్లాలా?

మెమోరియల్ డే దగ్గర పడుతుందంటే చాలు, అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో క్యాంపింగ్ సందడి మొదలవుతుంది. ఐదారు కుటుంబాలు కలిసి ఒక వారాంతం ఖాయం చేసుకుంటాయి. ఎవరేం తేవాలో ఒక షీట్ తయారవుతుంది. ఆ షీట్‌ని ఒకసారి పరిశీలనగా చూడండి. ఇడ్లీ పిండి, బిర్యానీకి నానబెట్టిన చికెన్, ఆవకాయ, పెరుగు డబ్బాలు, పెద్ద గిన్నెలు, కుక్కర్, రెండు బర్నర్ల స్టవ్... ముప్పాతిక వంతు తిండి సరంజామాయే. హెడ్ ల్యాంపులు, ఫస్ట్ ఎయిడ్ కిట్, పిల్లల లైఫ్ జాకెట్లు మాత్రం ‘ఎవరో ఒకరు తెస్తారులే’ ఖాతాలోకి వెళ్లిపోతాయి.

తిండి మీద నాకేం కోపం లేదు. కొండల్లో తెల్లవారుజాము చలికి వేడి వేడి ఉప్మా తింటే ఆ సుఖమే వేరు. నా అభ్యంతరమల్లా ఆ షీట్‌లో ఏది ముందుంటోంది, దాన్ని ఎవరు రాస్తున్నారు అన్నదే.

మొదట ఆ వంట ఎవరు చేస్తున్నారో చూద్దాం. శుక్రవారం రాత్రి రెండింటిదాకా డబ్బాలు సర్దేది అమ్మే. అక్కడికెళ్లాక నీళ్ల కుళాయి దగ్గర గిన్నెలు తోమేదీ ఎక్కువగా ఆవిడే. మగవాళ్లు టెంట్లు వేసి పేకముక్కలు తీస్తారు. సిగ్నల్ దొరికినంతసేపూ పిల్లలు ఫోన్లు పట్టుకుంటారు. ఇంట్లో చేసే పనే చెట్టు కింద, దోమల మధ్య చేయడాన్ని ఆ తల్లి విహారం అనుకోగలదా?

రెండోది భద్రత. యోసెమిటీ పార్కులో మామూలు క్యాంప్‌సైటుకి పిల్లలతో కలిపి ఆరుగురే పరిమితి. ఆహారాన్ని అక్కడుండే ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. చీకటి పడ్డాక కారులో కూడా ఉంచకూడదు. ఎలుగుబంటికి బిర్యానీ వాసనొకటీ టూత్‌పేస్టు వాసనొకటీ కాదు. తలకి రాసే కొబ్బరినూనె సీసా కూడా ఆ పెట్టెలోకే వెళ్లాలి. ఆరుగురి కోసం పెట్టిన పెట్టెలో పెళ్లి భోజనాల సరుకు ఎలా పడుతుంది?

చలి సంగతీ అంతే. అదే పార్కులోని ట్యువాలమీ మెడోస్ దాదాపు 8,600 అడుగుల ఎత్తున ఉంటుంది. నడి వేసవిలోనూ అక్కడ రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి పడొచ్చు. కింద పరిచే ప్యాడ్ లేకపోతే ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగైనా నేల చలిని ఆపలేదు. అది మరచిపోయినవాళ్లకు అర్ధరాత్రి తట్టే ఆలోచన, స్టవ్వో బొగ్గుల కుంపటో టెంట్లోకి తెచ్చుకోవడం. అది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే వీలే లేదు. ఇక సరస్సుల్లో, జలపాతాల దగ్గర మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు వేసవిలో చదువుతూనే ఉన్నాం. రైస్ కుక్కర్‌కి చోటున్న డిక్కీలో పిల్లవాడి లైఫ్ జాకెట్‌కి చోటు లేదంటే ఎలా?

మూడోది, నా దృష్టిలో అసలైనది, పిల్లల పాత్ర. ఏడెనిమిదేళ్ల పిల్లలు తమ బ్యాగు తామే సర్దుకోగలరు. రెండు జతల బట్టలు, స్వెటర్, రెయిన్ జాకెట్, హెడ్ ల్యాంప్, నీళ్ల సీసా, మెడలో ఒక విజిల్. దారి తప్పితే అటూ ఇటూ తిరగకుండా ఒక చెట్టు దగ్గరే ఆగి, మూడేసిసార్లు విజిల్ ఊదాలని ఇంట్లోనే నేర్పాలి. మందులు, వెచ్చని బట్టలు పెద్దవాళ్లు సరిచూస్తే చాలు. బొమ్మ మరచిపోతే మరచిపోనివ్వండి, మరోసారి గుర్తుంటుంది. బయల్దేరే ముందు వారం టెంట్‌ని పెరట్లోనో, అపార్ట్‌మెంట్ అయితే హాల్లోనో పిల్లలచేతే వేయించండి. జాతీయ పార్కుకి వెళ్తే జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. అందులోని పనులు పూర్తిచేసిన పిల్లలచేత రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు.

‘ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బ్రెడ్డు తిని ఉండలేరు కదా’ అనేవాళ్లున్నారు. నిజమే. వాళ్లకి మడత మంచం, ఒక దుప్పటి ఎక్కువ తీసుకెళ్లాలి, అన్నమూ పెట్టాలి. అయితే దానికి పది రకాలు అక్కర్లేదు. మొదటి రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. పొద్దున్నే ఇంట్లోనే వేయించి పోపు కలిపి తెచ్చిన రవ్వతో ఉప్మా. రాత్రికి ఒక్క గిన్నెలో కిచిడీ, పక్కన ఆవకాయ. ఆ కిచిడీ నాన్నలు వండాలి, కూరగాయలు పిల్లలు తరగాలి. మన రుచులు పిల్లలకి అబ్బాలన్న కోరిక ఉంటే, వడ్డించిన పళ్లెం కన్నా తామే కలిపిన గిన్నె వల్ల ఎక్కువ అబ్బుతాయి.

కాబట్టి ఈసారి షీట్ తెరిచినప్పుడు పై వరసల్లో టెంటు, ప్యాడ్లు, వెచ్చని బట్టలు, లైట్లు, మందులు, లైఫ్ జాకెట్లు రాయండి. ప్రతి వరసకీ ఎదురుగా ఒక పేరు పెట్టండి. అందులో పిల్లల పేర్లూ, నాన్నల పేర్లూ ఉండాలి. అవన్నీ డిక్కీలోకి చేరాక, మిగిలిన చోటులో పట్టినంత వంటిల్లు సర్దుకోండి.