హార్బరంటే తలదాచుకునే చోటు

బోటనీ డౌన్స్‌లో పెరిగే మన పిల్లలకు హార్బర్ తెలుసు, రేవు తెలీదు. ఆక్లాండ్‌కు రెండు హార్బర్లు: అటు వైటెమటా, ఇటు మనుకౌ. ఇక్కడ ఓడలకు సరుకెత్తే చోటు పోర్టు. గాలివానకు ఓడ తలదాచుకునే నీళ్లన్నీ హార్బరే. విశాఖలో మనకు 1933లో ప్రారంభమైన ఓడరేవూ హార్బరే, చేపల రేవూ హార్బరే. బందరు అన్న పేరుకే పారశీకంలో రేవని అర్థం.

ఇంగ్లీషులో ఆ మాటకు ఆశ్రయమివ్వడమనీ అర్థముంది. చట్టం భాషలో మాత్రం అది నేరస్తుణ్ణి దాచడం. కొత్తగా దిగిన కుర్రాడు నాలుగు రోజులు ఉంటానంటే మనకు ఈ రెండోదే గుర్తొస్తోంది. వీసా కాగితాలు చూసే తలుపు తీద్దాం, తప్పులేదు. కానీ తీద్దాం. ఒకప్పుడు మనకూ ఎవరో రేవయ్యారు కదా! ఏరు దాటాక తెప్ప తగలేయడం మనకు తగునా?