మోకాటి చిప్పను మరువరాదు

ఆయుర్వేద వైద్యుడు మోకాలి కీలు మార్పిడిని గురించి వ్రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. శల్యతంత్రం మనకు పరాయిది కాదు. సుశ్రుతాచార్యుడు అస్థులను ఐదు విధాలుగా విభజించి, మోకాటి చిప్పను కపాలాస్థులలో చేర్చినాడు. 107 మర్మాలలో జానువును వైకల్యకర మర్మంగా లెక్కించి, అక్కడ దెబ్బ తగిలితే కుంటితనం వస్తుందని హెచ్చరించినాడు. గురుకులంలో ఈ భాగాన్ని మా గురువుగారు మాచేత వల్లె వేయించారు. వల్లె వేయడం వేరు, అర్థం కావడం వేరు. ఆ భేదాన్ని ఒక రోగి నాకు నేర్పింది.

కొన్నేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చారు. కుడి మోకాలి కీలు మార్పించుకుని అప్పటికి ఎనిమిది నెలలు. చదునైన నేలపై బాగానే నడుస్తున్నారు. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు మాత్రం మోకాలి ముందు భాగాన పోటు. "చిప్ప బయటి పక్కకు జారినట్లుంటుందండీ, అడిగితే సర్దుకుంటుందన్నారు" అని మొదటి రోజునే చెప్పారు. నేను దానిని వాతప్రకోపమని తలచి మహానారాయణ తైలంతో అభ్యంగము, జానువస్తి చేయించాను. తైలం రాసిన పూట ఉపశమనం, మరునాటికి అదే బాధ. ఇట్లా నాలుగు నెలలు గడిచినవి. ఒకనాడు ఆమె మోకాలిపై అరచేయి ఉంచి, కాలు వంచి చాపమన్నాను. చిప్ప పక్కకు ఒరిగి, తటాలున తిరిగి వచ్చింది. వెంటనే మరొక శస్త్రవైద్యుని వద్దకు పంపాను. సి.టి. పరీక్షలో తొడ ఎముకకు అమర్చిన లోహభాగం లోపలి వైపునకు తిరిగి ఉన్నదని తేలింది. రెండవసారి శస్త్రచికిత్స తప్పలేదు. నాలుగు నెలల జాప్యానికి బాధ్యుడను నేనే.

చిప్ప నడకను గృహస్థులు కూడా సులభంగా గ్రహించవచ్చును. తొడ ఎముక చివర ఒక గాడి ఉన్నది. కాలు వంచినప్పుడు బావిగిలకపై చేంతాడు వలె చిప్ప ఆ గాడిలో జారుతుంది. తొడ కండరాలు లాగే దిశ, చిప్ప క్రింది స్నాయువు దిశ ఒకే గీతలో ఉండవు. అందువలన చిప్పకు సహజంగానే బయటికి ఒరిగే స్వభావం ఉన్నది. కృత్రిమ కీలు అమర్చేటప్పుడు తొడభాగం గాని, కాలి ఎముక భాగం గాని లోపలికి తిరిగితే ఈ ఒరుగుడు మరింత పెరుగుతుంది.

నిపుణులైన శస్త్రవైద్యులు కీలు అమర్చిన తరువాత చిప్పను బొటనవ్రేలితో అదిమి పట్టకుండానే కాలు వంచి చూస్తారు. చిప్ప తనంతట తాను గాడిలో నిలిస్తే సరే. నిలవకపోతే, రక్తం ఆపడానికి తొడకు కట్టిన పట్టీని వదులు చేసి మరల చూస్తారు. ఆ బిగింపే కండరాన్ని పట్టివేసి భ్రమ కలిగించవచ్చును. అప్పటికీ ఒరిగితే లోహభాగాల తిరుగుడును, చిప్ప మందాన్ని, చిప్పకు అతికిన బిళ్ల స్థానాన్ని పరీక్షిస్తారు. ఆ బిళ్లను కొంచెం లోపలి వైపున అతికితే చిప్ప గాడిలో కుదురుగా నడుస్తుంది. ఇవన్నీ సరిగా ఉండి, బయటి పక్క పొర బిగుసుకుని ఉంటేనే దానిని కోసి వదులు చేస్తారు. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునే కాళ్లు గలవారిలో ఈ అవసరం ఎక్కువగా కలుగుతుంది.

ఈ క్రమాన్ని తారుమారు చేయరాదన్నదే నా అభిప్రాయం. బయటి పొరను కోయడం త్వరితోపాయమే. అయితే చిప్పకు రక్తమందించే నాళం ఆ పక్కనే ఉన్నది. అది తెగితే చిప్పకు రక్తప్రసారం తగ్గి, ఎముక బలహీనమై, విరిగే ప్రమాదం కూడా ఉన్నది. లోహభాగం వంకరగా ఉండగా పొరను కోయడం, హేతువును వదలి లక్షణానికి మందు వేయడమే. నిదాన పరివర్జనమే ప్రథమ చికిత్స అని మన శాస్త్రం ఘోషిస్తున్నది. ఈ సూత్రం శస్త్రానికి ఎంత వర్తిస్తుందో తైలానికీ అంతే వర్తిస్తుంది. వంకర తిరిగిన లోహాన్ని ఏ తైలమూ సరిచేయలేదు.

కావున గృహస్థులకు నా మనవి. శస్త్రచికిత్సకు ముందే "చిప్ప నడకను ఎట్లా పరీక్షిస్తారండీ?" అని వైద్యుని అడగండి. ఈ ప్రశ్నకు మంచి వైద్యుడు కోపగించడు. మీరు సేవించే గుగ్గులు, శుంఠి, లశునం వంటి ఔషధాలన్నింటినీ ఆయనకు ముందుగా తెలియజేయండి. గాయం పూర్తిగా మానే వరకు తైలం ముట్టించవద్దు. నెలలు గడిచినా మెట్ల వద్ద పోటు తగ్గకపోయినా, చిప్ప జారినట్లనిపించినా, మోకాలు వేడెక్కి వాచినా మొదట శస్త్రవైద్యునికే చూపించండి. గాయం మానిన తరువాత ఆయన అనుమతితో మృదువైన అభ్యంగము, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామము మేలు చేస్తాయి.

నాతోటి వైద్యులకు ఒక్కమాట. రోగి "చిప్ప జారుతున్నది" అని చెప్పినప్పుడు తైలపు గిన్నె అందుకునే ముందు మోకాలిపై చేయి ఉంచి చూడండి. శాస్త్రం స్పర్శపరీక్షను విధించినది అందుకే.