ఈజీఆర్ పైపు పగిలితే మూసేయడం రిపేరు కాదు



ఈరోజు బండి గురించి రాస్తున్నాను. చివరికి పంట దగ్గరికే వస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మన ఊళ్లలో పదేళ్లు దాటిన డీజిల్ బొలెరోలు, స్కార్పియోలు, సుమోలు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. ఎరువు బస్తాలైనా, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్లయినా, పెళ్లికి పోయే చుట్టాలైనా వాటిలోనే. బాగా నడుస్తున్న బండిని అమ్మేయమని నేను చెప్పను. అయితే పాత డీజిల్ బండి ఏ కంపెనీదైనా ఒకరోజు ఈజీఆర్ పైపు పగిలే అవకాశం ఉంది. అప్పుడు చాలా షెడ్లలో వినపడే మాట ఒకటే: "అన్నా, ఇది మనకెందుకు? రేకు ముక్క పెట్టి మూసేద్దాం. పికప్ కూడా పెరుగుద్ది."

ఈ మాటకు తల ఊపొద్దనే ఈ పోస్టు.

ముందు ఆ పైపు పనేంటో చూద్దాం. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పోయే గాలిలో కలుపుతుంది. దాంతో లోపల ఆక్సిజన్ తగ్గి, మంట వేడి తగ్గుతుంది. మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అనే విషవాయువులు పుడతాయి. వాటిని తగ్గించడానికే ఈ ఏర్పాటు. వందల డిగ్రీల వేడి, రోజూ వేడెక్కి చల్లారడం, మన రోడ్ల కుదుపులు... ఇన్నేళ్లు తట్టుకున్నాక ఫ్లాంజ్ దగ్గరో, ముడతల భాగంలోనో సన్నటి పగులు వస్తుంది.

పగిలిందని ఎలా తెలుస్తుంది? ఎత్తు ఎక్కేటప్పుడు బానెట్ కింద బుస్సుమని శబ్దం వస్తుంది. పైపు చుట్టూ నల్లటి మసి కనపడుతుంది. బ్లోవర్ వేస్తే లోపలికి పొగ వాసన కొడుతుంది. పగులు వాల్వు దాటాక ఉంటే టర్బో గాలి కూడా లీకై పికప్ పడిపోతుంది, నల్ల పొగ వస్తుంది.

ఆ వాసనను తేలిగ్గా తీసుకోవద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. అద్దాలు మూసుకుని ఏసీ వేసుకుంటే ఆ పొగ పీల్చేది వెనక సీట్లో నిద్రపోతున్న మన పిల్లలే. పైగా ఆ వేడి పక్కనున్న వైర్ల మీద, రబ్బరు పైపుల మీద కొడితే అవి కరుగుతాయి, నిప్పు కూడా అంటుకోవచ్చు.

ఇప్పుడు రేకు సంగతి. మెకానిక్ చెప్పేదంతా అబద్ధం కాదు. ఈజీఆర్ వల్ల ఇన్‌టేక్‌లో మసి పేరుకుంటుంది, అది నిజం. మూసేస్తే బండి కాస్త చురుగ్గా అనిపించొచ్చు కూడా. కానీ రేకు ఇన్‌టేక్ వైపు పెడితే పగులు అలాగే ఉంటుంది, పొగ అక్కడినుంచి కారుతూనే ఉంటుంది. మానిఫోల్డ్ వైపు పెడితే లీకు ఆగుతుంది గానీ విషవాయువు పెరుగుతుంది. కామన్ రైల్ బండ్లలో కంప్యూటర్ తేడా పసిగట్టి ఇంజిన్ లైటు వెలిగిస్తుంది, కొన్నిట్లో పవర్ కూడా తగ్గించేస్తుంది.

"పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా" అంటారు. డీజిల్ బండికి ఆ పరీక్షలో యాక్సిలరేటర్ తొక్కించి పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు, అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. ఈజీఆర్ మూసిన బండి దర్జాగా పాసవుతుంది. నా ఉద్దేశంలో ఇది పరీక్షలో ఉన్న లోపం, మన బండికి ఇచ్చిన మంచి మార్కు కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం గాలి కాలుష్య ప్రమాణాలు దాటితే, 2019 సవరణ తర్వాత, రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి.

జరిమానా పక్కన పెట్టండి. ఇక పంట దగ్గరికి వద్దాం. ఈ నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఇతర ఆవిర్లతో కలిసి నేలకు దగ్గరగా ఓజోన్ తయారవుతుంది. పైన ఆకాశంలో ఉండే ఓజోన్ మనల్ని కాపాడుతుంది, కింద ఉండేది మాత్రం విషం. అది ఆకు రంధ్రాల్లోంచి లోపలికి పోయి, ఆకు ఆహారం తయారుచేసే శక్తిని దెబ్బతీస్తుంది. ముదురు ఆకుల మీద సన్నటి మచ్చలు పడతాయి, ఆకు ముందే పండిపోతుంది. మనం తెగులనుకుని మందు కొడతాం. సోయా, పత్తి, వేరుశనగ దీనికి త్వరగా లొంగే పంటలు. పట్నంలో పుట్టిన పొగ గాలివాటుకు పల్లెలకు వచ్చి ఓజోన్‌గా మారుతుంది. పక్క చేలో కొట్టిన కలుపుమందు గాలికి మన చేలో పడితే ఊరుకుంటామా? ఇదీ అలాంటిదే, కాకపోతే కంటికి కనపడదు.

"లారీలు, ఫ్యాక్టరీలు వదిలేదాని ముందు నా ఒక్క బండెంత?" అనొచ్చు. చెరువు కట్టకు ఎలుక బొక్క కూడా ఒక్కటే ఉంటుంది మరి.

సరైన రిపేరు పెద్ద కష్టమేం కాదు. ఇంజిన్ బాగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే స్టడ్లు విరగవు. పైపు విప్పి మసి కడిగితే పగులు ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది. పగులు రెండు చివరలా సన్నటి రంధ్రం వేయిస్తే అది ఇంక పాకదు. తర్వాత ఆర్గాన్ వెల్డింగ్, అదీ స్టెయిన్‌లెస్ ఫిల్లర్‌తోనే చేయించండి. గేటుకు కొట్టే మామూలు వెల్డింగ్ పల్చటి పైపును కాల్చేస్తుంది, కొన్నాళ్లకే పక్కన మళ్లీ చీలుతుంది. ఎంసీల్ ముద్దలు ఆ వేడికి మాడి రాలిపోతాయి.

పగులు ముడతల భాగంలో ఉంటే మాత్రం వెల్డింగ్ వద్దు. ఆ ముడతలు ఉన్నదే కుదుపుకు వంగడానికి. అతుకేస్తే వంగదు, పక్క ముడత పగులుతుంది. పైపు మార్చడమే మేలు. కొత్త గాస్కెట్లు వేయించండి. బోల్టులన్నీ ముందు వదులుగా పట్టించి, పైపు సర్దుకున్నాక బిగించాలి. పైపును పట్టే క్లాంపు, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు కూడా చూడమనండి. అవి పోయి ఉంటే కొత్త పైపు కూడా పగులుతుంది. కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ కూలర్ పగిలి ఉండొచ్చు, దాన్ని వెంటనే చూపించాలి.

నేను కోరేది రెండే. పాత బండ్లకు ఈ చిన్న పైపు కంపెనీలు దొరికేలా చూడాలి. పొల్యూషన్ పరీక్షలో బానెట్ ఎత్తి రేకు ఉందో లేదో చూడాలి. అవి జరిగేదాకా మనం చేయగలిగింది ఒకటుంది: "మూసేద్దాం అన్నా" అన్నప్పుడు, "వద్దు తమ్ముడూ, బాగు చెయ్" అనడం.

మీ ఊళ్లో ఆర్గాన్ వెల్డింగ్ బాగా చేసేవాళ్లుంటే కింద రాయండి, పదిమందికి పనికొస్తుంది.