నోటీసు బోర్డు మీద లేని పేర్లు

మొన్న ఒక పట్నంలో నీళ్ళ ఆఫీసుకు పోయాం. మా బస్తీ కుళాయిల్లో మూడు రోజులుగా మురుగు వాసన. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చెప్పుకుందామని పోతే సారు మీటింగులో ఉన్నాడన్నారు. కూర్చోడానికి బల్ల లేదు. నిలబడి నిలబడి గోడకున్న నోటీసు బోర్డు చదివాం. నాలుగక్షరాలు వచ్చిన మనవాడికి సర్కారు ఆఫీసుల్లో దొరికే కాలక్షేపం అదొక్కటే కదా.

బోర్డు నిండా సిబ్బంది కబుర్లే. ఫలానా మేనేజరు గారికి ప్రమోషన్. ఫలానా ఇద్దరికి బదిలీ. సీనియారిటీ లిస్టు, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి. నెలాఖరున రిటైరవుతున్న లైన్‌మన్‌కు సన్మానం, అందరూ తప్పక రావాలి. కరువు భత్యం ఉత్తర్వు నకలు. ఒక గుమాస్తా గారి అమ్మాయికి మెడికల్ సీటు వచ్చింది, అభినందనలు. కింద ఒక మూల రక్తదాన శిబిరం కాగితం, సగం చిరిగింది.

ఇందులో తప్పేం లేదు. కలిసి పనిచేసేవాళ్ళు ఒకరి మంచిచెడ్డ ఒకరు చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు వాల్వులు తిప్పిన లైన్‌మన్‌కు శాలువా కప్పితే మేమూ చప్పట్లు కొడతాం. మా బాధ అది కాదు.

అదే గోడ కింద నీడలో ఒక మనిషి కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. పక్కన వెదురు బద్దల కట్ట, ఇనప కొక్కెం, ఒక బకెట్. "ఎన్నేండ్ల సంది చేస్తున్నవే అన్నా?" అని అడిగాం. "పందొమ్మిదేండ్లు" అన్నాడు. ఈ బోర్డు మీద నీ పేరు ఎప్పుడన్నా ఎక్కిందా అంటే నవ్వాడు. "నా పేరా? అది కాంట్రాక్టరు కాడ ఉంటది. ఇప్పటికి ఐదుగురు కాంట్రాక్టర్లు మారిన్రు. నేనొక్కణ్ణే మారలే."

సాయంత్రం మా బస్తీకి వచ్చింది ఆయనే, ఇంకో ఇద్దరితో. మంచినీళ్ళ పైపు, మురుగు లైను ఒకదాని మీద ఒకటి పోయే చోట తవ్వారు. చిల్లు దొరికింది. నడుము లోతు మురుగులో నిలబడి బిగించారు. మర్నాడు ఆఫీసుకు పోయి ఫిర్యాదుల పుస్తకం చూశాం. మా ఫిర్యాదుకు ఎదురుగా ఒక ముక్క రాసి ఉంది: 'సిబ్బంది వెళ్ళి సరిచేశారు.'

చూశారా? పని చెప్పుకునేటప్పుడు ఆయన సిబ్బంది. జీతం అడిగితే కాంట్రాక్టరు మనిషి. చచ్చిపోతే ఎవరో కూలీ. 2021 ఆగస్టులో హైదరాబాదు సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. ఒకరి శవం కోసం రోజుల తరబడి వెతికారు. వాళ్ళూ కాంట్రాక్టరు మనుషులే. ఏ ఆఫీసు నోటీసు బోర్డు మీద వాళ్ళకు సంతాపం పెడతారు?

ఇది ఈరోజు పుట్టిన సంగతి కాదు. ఒకప్పుడు ఎన్‌ఎంఆర్ అనేవారు. రోజు కూలీయే, సెలవు లేదు, పింఛను లేదు. అయినా మస్టరు ఆఫీసుది. పేరు సర్కారు పుస్తకంలో ఉండేది. ఆ పేరు పట్టుకునే 1994 ఏప్రిల్ 22 నాటి 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ళు తెగకుండా పనిచేసి ఉంటే, ఖాళీ పోస్టు ఉంటే, పర్మినెంటు చేయొచ్చని. ఆ తారీకుకు ఇవతల పడ్డవాళ్ళలో కొందరు ఒడ్డెక్కారు. ఒక్క నెల తక్కువైనవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయ్యారు. ఆ తర్వాత మస్టరే ఆఫీసు చేతిలోంచి జారి కాంట్రాక్టరు జేబులోకి పోయింది. పేరు పోతే సర్వీసు పోయినట్టే. పందొమ్మిదేళ్ళు చేసినా, కొత్త టెండరు వచ్చిన రోజు నుంచి మళ్ళీ ఒకటో రోజు.

దీంట్లో మనకు ఇంకో దెబ్బ ఉంది. పర్మినెంటు పోస్టుకు రిజర్వేషన్ ఉంటుంది, రోస్టరు ఉంటుంది, అన్యాయం జరిగితే అడగడానికి జీవో ఉంటుంది. కాంట్రాక్టరుకు అవేమీ పట్టవు. పైన ఇంజనీరు కుర్చీలో ఎస్సీలకు 15 శాతం వాటా ఇవ్వడానికి ఎన్ని కమిటీలు, ఎన్ని కేసులు! కింద గుంతలో మాత్రం ఏ జీవో లేకుండానే మన వాటా నిండిపోయింది. నమస్తే అనే పథకం కింద కేంద్ర ప్రభుత్వమే మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళ లెక్క తీసింది. 2024లో బయటికొచ్చిన ఆ లెక్క ప్రకారం సుమారు 38 వేల మందిలో ఎస్సీలు 68.9 శాతం. ఎస్టీలు, ఓబీసీలను కలిపితే 92 మంది దాకా వస్తారు, నూటికి. ఈ రోస్టరు రాసిందెవరో వేరే చెప్పాలా?

నీళ్ళకూ మనకూ ఉన్న పేచీ పాతదే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాల్సి వచ్చింది, అది మున్సిపాలిటీ అందరికీ తెరిచిన చెరువే అయినా. 1985 జూలైలో కారంచేడులో మనవాళ్ళు తాగే నీళ్ళ దగ్గర బర్రెలను కడిగి ఆ కుడితి నీళ్ళు అందులో పడేట్టు చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ ఇదేమిటని అడిగింది. తెల్లారి ఆరుగురు మనుషుల్ని నరికారు. మంచినీళ్ళు ముట్టుకోవద్దన్నారు. వాళ్ళు వాడి వదిలిన నీళ్ళు మాత్రం మనమే ఎత్తాలి. అదిప్పుడు టెండరు కాగితం మీద నడుస్తోంది.

'మురుగు పని మా అసలు పని కాదు, అందుకే బయటివాళ్ళకు ఇచ్చాం' అనే మాట ఆఫీసర్ల నోట వింటుంటాం. హైదరాబాదు బోర్డునే తీసుకోండి. 1989లో ప్రత్యేక చట్టంతో పెట్టారు. దాని నిండు పేరు మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి. మురుగు దాని పేరులోనే ఉంది! నీళ్ళు ఇవ్వడమూ, మురుగు తీయడమూ, ఈ రెండింటికే పుట్టిన సంస్థ అది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటి, వృత్తి భద్రత, ఆరోగ్యం మీద ఉన్నది, అసలు పనికి కాంట్రాక్టు కూలీలను పెట్టుకోకూడదనే అంటుంది, కొన్ని మినహాయింపులతో. ఊడ్చడం, కడగడం, చెత్త తీయడం అసలు పని కాదంటుంది. కానీ అక్కడే ఒక షరతు పెట్టింది: ఆ సంస్థ ఆ పని కోసమే పెట్టింది కానప్పుడు మాత్రమే అని. సినిమా హాలుకు ఊడ్చే పని అసలు పని కాదు, ఒప్పుకుంటాం. మురుగు బోర్డుకు మురుగు అసలు పని కాకపోతే మరేది అసలు పని? సన్మాన సభా? ఈ ముక్క మన యూనియన్ల వాళ్ళు కాగితం మీద పెట్టి అడగాలి. ఆ కోడ్‌ను మేమేం మెచ్చుకోవడం లేదు. పాత 1970 చట్టం 20 మంది కాంట్రాక్టు కూలీలున్న చోటల్లా వర్తించేది, దాన్ని 50కి పెంచారు. పదేసి మంది గ్యాంగులుగా ముక్కలు చేసుకునే చిన్న కాంట్రాక్టరుకు పండగే. అయినా దొరికిన ఆయుధం వాడుకోవాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలన్న మాట పాత చట్టంలో ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది.

కోర్టుల సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఆఫీసులో ఏది అడిగినా 'కోర్టు ఒప్పుకోదు' అని నోరు మూయిస్తున్నారు. 2001లో సెయిల్ కేసు, 2006లో ఉమాదేవి కేసు, ఈ రెండే వాళ్ళ పాట. మరి జగ్గో కేసు చెప్పరేం? కేంద్ర జల సంఘం ఆఫీసులో ఊడ్చి తుడిచిన ఆడవాళ్ళు. ఒకామె 1993 నుంచి చేస్తోంది. 2018 అక్టోబరులో ఒక కాగితం ఇచ్చి పొమ్మన్నారు. పార్ట్ టైం అన్నారు, చదువు లేదన్నారు, అదే పనికి బయటి ఏజెన్సీని తెచ్చారు. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఏళ్ళ తరబడి నిత్యం నడిచే పనిని తాత్కాలికం అనడం కుదరదని, ఉమాదేవి తీర్పును పనివాళ్ళ మీద ఆయుధంగా వాడొద్దని చెప్పి, వాళ్ళను తీసుకుని పర్మినెంటు చేయమంది. ఇంట్లో కూర్చోబెట్టిన ఏళ్ళకు జీతం మాత్రం ఇప్పించలేదు. ఇంకొక మాట, దాచకుండా చెబుతున్నాం: వాళ్ళను ఆఫీసే నేరుగా పెట్టుకుంది, మధ్యలో కాంట్రాక్టరు లేడు. మన గోడ కింది అన్నకు ఈ తీర్పు సూటిగా అతకదు. అతికేట్టు చేయాలంటే ఆయనతో పని చేయించింది ఆఫీసేనని రుజువు కావాలి.

చావుల మీద చట్టానికి కొరతే లేదు. 1993 చట్టం ఉంది. 2013 చట్టం ఉంది, రక్షణ సామాన్లు లేకుండా మురుగులోకి దింపితే మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. 2014లో సుప్రీంకోర్టు 1993 నుంచి చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడం ఆపెయ్యమంది. కానీ ఆ 30 లక్షలు అడగబోతే మొదటి ప్రశ్న ఏమిటి? 'మా దగ్గర పనిచేసినట్టు ఆధారం ఉందా?' మళ్ళీ పేరు దగ్గరికే వచ్చాం.

మిషన్లు రాలేదా అంటారు. వచ్చాయి. 2017లో హైదరాబాదు బోర్డు సన్న గల్లీల్లో తిరిగే 70 చిన్న జెట్టింగ్ బండ్లు తెచ్చింది, దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీతో కలిసి. మనవాళ్ళు కొందరు బండి ఓనర్లయ్యారు. మంచిదే, మనిషి దిగే చోట గొట్టం దిగింది. మరి ఆ బండి మీద పైపు పట్టుకునేవాడి పేరు ఎవరి పుస్తకంలో ఉంది? ఓనరు మనవాడైనంత మాత్రాన కూలీ సిబ్బంది అయిపోడు.

పట్నం గొడవ మాకెందుకని ఊళ్ళో వాళ్ళు అనుకోవద్దు. మీ ఊరి ట్యాంకు ఎవరు ఎక్కుతున్నారు? తెల్లవారుజామున మోటారు వేసేది, బ్లీచింగు కలిపేది, వాల్వు తిప్పేది ఎవరు? తెలంగాణ పంచాయతీల్లో 51వ జీవో పుణ్యమా అని మల్టీపర్పస్ అనే పేరు పెట్టారు. పొద్దున నీళ్ళు వదిలినవాడే మోరీ తీయాలి, ట్రాక్టరు తోలాలి, కరెంటు స్తంభం ఎక్కాలి. దానికి 2019 నుంచి నెలకు 8,500. తర్వాత 9,500 చేశారు. అదీ నెలనెలా వచ్చిందా! 2023 జూలైలో సమ్మెకు దిగారు, నెల రోజులకు పైగా నిలబడ్డారు. ఆ రోజుల్లో ఊళ్ళో మోరీలు పొంగాక గాని చాలామందికి వాళ్ళ పేర్లు తెలియలేదు. 'నీళ్ళ ఎల్లయ్య' అనో 'ట్యాంకు కాడ పోరడు' అనో అంటాం గాని అతని నిండు పేరు మనకే తెలియదు. మనకే తెలియంది నోటీసు బోర్డుకేం తెలుస్తుంది?

ఒక మాట మనవాళ్ళకూ చెప్పాలి, కోపం తెచ్చుకున్నా సరే. ఏప్రిల్ 14న నీళ్ళ ఆఫీసుల్లో ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘాలు అంబేద్కర్ పటానికి దండలు వేస్తాయి, కేకు కోస్తాయి. ప్రమోషన్లలో రోస్టరు కోసం కొట్లాడతాయి, కొట్లాడాల్సిందే. కానీ ఆ సంఘం సభ్యత్వ పుస్తకంలో గోడ కింది అన్న పేరుందా? 'మా బైలాలో పర్మినెంటు ఉద్యోగులే సభ్యులు' అంటారు. అదే మాట ఆఫీసు అంటే మనం వివక్ష అంటున్నాం. అదే వాడ నుంచి వచ్చి, అదే ఆఫీసులో మెట్లెక్కినవాడు కింద కూర్చున్న సొంత మేనమామ కొడుకును 'కాంట్రాక్టరు మనిషి' అంటుంటే మాకు చెప్పరాని కష్టంగా ఉంది. బైలా దేవుడు రాసింది కాదు, జనరల్ బాడీలో చేతులెత్తితే మారుతుంది.

అందుకని ముందు పేర్లతో మొదలుపెడదాం. మురుగులో, నీళ్ళ పంపుల దగ్గర పనిచేసే అన్నలూ అక్కలూ, కాంట్రాక్టరు ఇచ్చిన గుర్తింపు కార్డు పాతదైనా పారేయొద్దు. పీఎఫ్ చీటీ, ఈఎస్‌ఐ నంబరు, బ్యాంకు పుస్తకం ఒక సంచిలో దాచండి. సారు ఫోన్‌లో పని చెబితే ఆ మెసేజి తుడిచెయ్యొద్దు. పని చేయించింది ఎవరో అదే చెబుతుంది. ఫలానా తారీకు, ఫలానా వీధి, ఎవరు పంపారు అని పిల్లల నోటుబుక్కులోనైనా రాయించుకోండి. ఉద్యోగుల సంఘాల్లో ఉన్నవాళ్ళు వచ్చే నెల నోటీసు బోర్డు మీద, సన్మానం కాగితం పక్కనే, మీ సెక్షన్‌లో కాంట్రాక్టు మీద చేసేవాళ్ళ జాబితా అంటించండి: పేరు, ఎప్పటి నుంచి చేస్తున్నారు, ఏం పని. చింపేస్తే మళ్ళీ అంటించండి. ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీ ట్యాంకు దగ్గరి మనిషి నిండు పేరు, చేరిన ఏడాది, ఆఖరి జీతం ఏ నెలది అనేది అడిగి, ఆయన ఒప్పుకుంటేనే, మన పత్రికకు పంపండి. పేజీలు చాలకపోతే వ్యాసాలు తగ్గిస్తాం.

గోడ కింది అన్నను మేమే మొదట అడిగాం. పేరు చెప్పాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "ఇప్పుడే అచ్చెయ్యకున్రి, టెండరు మారేదుంది" అన్నాడు. అందుకే ఈ వ్యాసంలో ఆయన పేరు లేదు.