గేర్ల లెక్క తర్వాత, ముందు మీ కొలతలు

"రోడ్ బైక్ కొంటా" అని ఇంట్లో ఒకసారి అని చూడండి. అమ్మకి పల్సర్ గుర్తొస్తుంది, నాన్నకి లైసెన్సు గుర్తొస్తుంది. "బండి కాదు, సైకిలే" అంటే గొడవ అక్కడితో ఆగదు. "సైకిల్‌కి 40 వేలా? ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది కదరా" అంటారు. వాళ్ళ ప్రశ్నలో తప్పేం లేదు. మనలో చాలామంది ఇళ్ళలో 40 వేలంటే చిన్న మాట కాదు. ఒకసారి అడిగితే ఇస్తారేమో, రెండోసారి అడగలేం. అందుకే ఆ ఒక్కసారి దేన్ని చూసి కొనాలి అన్నదాని మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

మనం, ముఖ్యంగా సీఎస్ఈ వాళ్ళం, ఏది కొన్నా లాప్‌టాప్ కొన్నట్టే కొంటాం. ఎక్సెల్ షీట్ తెరుస్తాం. ఒక కాలమ్‌లో బరువు, ఒక కాలమ్‌లో గేర్లు, ఒక దాంట్లో కార్బన్ ఫోర్క్ ఉందా లేదా. గ్రూప్‌సెట్ కాలమ్‌కి మాత్రం రంగులు వేస్తాం. దానికి తోడు సైకిల్ తొక్కే సీనియర్లు ఒకే మాట చెప్తారు: "సోరా కంటే కింద ఉన్నది కొనకు, వేస్ట్." ఆ షీట్‌లో ఎప్పుడూ కనపడని కాలమ్ ఒకటుంది. ఈ సైకిల్ నా ఒంటికి సరిపోతుందా?

లాప్‌టాప్‌కి ముందు ఎవరు కూర్చున్నా దాని స్పీడ్ మారదు. సైకిల్‌కి ఇంజిన్ మనమే. రెండు చేతులు, రెండు పాదాలు, ఒక సీటు: ఈ ఐదు చోట్లే మనకీ సైకిల్‌కీ సంబంధం. ఈ ఐదూ సరైన దూరంలో లేకపోతే ఎంత ఖరీదైన గేర్లున్నా గంటకి మించి తొక్కలేం. కాబట్టి మొదటి రోడ్ బైక్‌కి నా వరస ఇది: ముందు ఫ్రేమ్ సైజు, తర్వాత టైరు వెడల్పు, తర్వాత అన్నిటికంటే తేలిక గేరు. గ్రూప్‌సెట్ పేరు వీటన్నిటి తర్వాతే.

ఇంతకీ ఆ పేర్లలో ఏముంది? గేర్లు, బ్రేకులు, చైను, వాటిని నడిపే లీవర్లు అన్నీ కలిపి గ్రూప్‌సెట్. జపాన్‌లోని సకాయ్ ఊళ్ళో 1921లో మొదలైన షిమానో కంపెనీవే మన దగ్గర ఎక్కువ. క్లారిస్ అంటే వెనక 8 చక్రాలు, సోరా అంటే 9, టియాగ్రా అంటే 10. చాలామంది అనుకునేది ఏంటంటే, 10 ఉంటే 8 కంటే ఎక్కువ స్పీడ్ వస్తుందని. రాదు. వెనక ఉన్న అన్నిటికంటే చిన్న చక్రం, అన్నిటికంటే పెద్ద చక్రం రెండిట్లోనూ ఒకటే అయితే, మొదటి మెట్టూ చివరి మెట్టూ ఒకటే. మధ్యలో మెట్లు కాస్త దగ్గర దగ్గరగా ఉంటాయి, అంతే. రేసుల్లో అది పనికొస్తుంది. పొద్దున్నే 25 కిలోమీటర్లు తొక్కి 9 గంటల క్లాసుకి వచ్చేవాళ్ళకి పెద్ద తేడా తెలియదు. పైగా ఇప్పుడు షిమానో ఈ కింది స్థాయి పేర్లన్నిటినీ క్యూస్ అనే ఒకే పేరు కిందకి తెస్తోంది. పేర్లు మారతాయి. మీ కాళ్ళ పొడవు మారదు.

బరువు సంగతీ అంతే. మీరు 68 కిలోలు, సైకిల్ 12 కిలోలు అనుకుందాం. మొత్తం 80. ఇంకో పాతిక వేలు పెట్టి 10 కిలోల సైకిల్ కొన్నారు. మొత్తం 78. అంటే తగ్గింది రెండున్నర శాతం. 20 నిమిషాలు పట్టే ఎక్కుడులో మిగిలేది సుమారు 30 సెకన్లు. చదును రోడ్డు మీద అది కూడా ఉండదు, ఎందుకంటే అక్కడ మన శత్రువు గాలి. ఆ గాలికి అడ్డంగా ఉండేది ఎక్కువగా మన ఒళ్ళే. ఒళ్ళు సుఖంగా వంగి ఉండగలిగితేనే గాలి తప్పుతుంది. అక్కడ మళ్ళీ సైజు దగ్గరికే వచ్చాం.

మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పోయినేడు ఒక షాపులో 54 సైజు ఫ్రేమ్ ఇచ్చారు. "పెద్దది కదా అన్నా" అంటే "సీటు దించితే సరిపోద్ది మేడమ్" అన్నారు. సీటు దించితే పాదాలు అందాయి, నిజమే. హ్యాండిల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. చేతులు బిగదీసి చాపితే గానీ బ్రేకు అందదు. మూడు వారాలకి అరచేతులు తిమ్మిర్లు, మెడ నొప్పి. రెండు నెలల తర్వాత సగం రేటుకి అమ్మేసింది. ఇప్పుడు అడిగితే "నాకు సైక్లింగ్ సెట్ అవ్వదు" అంటుంది. సెట్ అవ్వనిది ఫ్రేమ్. కానీ మాట తన మీద వేసుకుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. షాపులో ఉన్న స్టాక్‌ని బట్టి మనిషిని సర్దుకోమంటారు. పొట్టివాళ్ళకి, ముఖ్యంగా అమ్మాయిలకి, ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

కొలత తీసుకోవడం కష్టమేం కాదు. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. ఒక మందపాటి పుస్తకాన్ని సీటులాగా కాళ్ళ మధ్య పైకి గట్టిగా పెట్టండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా ఎంతుందో ఫ్రెండ్‌ని కొలవమనండి. దాన్ని 0.88తో గుణిస్తే, పెడల్స్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. కొలత 76 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 67 దగ్గర. ఇది మొదలుపెట్టడానికే, తొక్కుతూ కాస్త అటూ ఇటూ సర్దుకోవాలి.

సీటు ఎత్తు ఎలాగైనా మార్చుకోవచ్చు. మార్చలేనిది ఫ్రేమ్ పొడవు. కంపెనీల సైజు చార్టుల్లో స్టాక్, రీచ్ అని రెండు అంకెలుంటాయి. ఆ ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు గొట్టం పై అంచు ఎంత ఎత్తులో ఉందో స్టాక్, ఎంత ముందుకి ఉందో రీచ్. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో కలవదు గానీ, ఈ రెండు అంకెల్ని ఏ కంపెనీవైనా పోల్చుకోవచ్చు. కొత్తవాళ్ళకి స్టాక్ కాస్త ఎక్కువగా, రీచ్ కాస్త తక్కువగా ఉన్న ఫ్రేమే నయం, వెన్ను మరీ వంగదు. షాపులో ఎక్కి చూసేటప్పుడు బ్రేకు లీవర్ల మీది రబ్బరు పట్టుకోండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, ఒంటి బరువంతా అరచేతుల మీద పడకూడదు. పడుతుంటే అది మీ సైజు కాదు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దొచ్చు, అంతకుమించి కుదరదు.

తర్వాత టైరు. స్పీడ్ బ్రేకర్లు, ప్యాచ్‌లు, వాన పడితే ఎంత లోతో తెలియని గుంటలు: మన రోడ్లు ఇవీ. 25 మిల్లీమీటర్ల టైరు బదులు 32 వేస్తే లోపల పట్టే గాలి ఒకటిన్నర రెట్ల పైనే. గాలి ఒత్తిడి తగ్గించుకోవచ్చు, ఒంటికి కుదుపు తగ్గుతుంది, గుంటలో పడ్డప్పుడు ట్యూబ్ నలిగి పంక్చర్ అయ్యే అవకాశమూ తగ్గుతుంది. కాబట్టి షాపులో అడగాల్సిన ప్రశ్న: "ఈ ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు టైరు దాకా పడుతుంది?" చాలా రిమ్ బ్రేకు ఫ్రేముల్లో 28 దగ్గర ఆగిపోతుంది, డిస్క్ బ్రేకు ఉన్నవాటిలో ఎక్కువగా 32 పడుతుంది. డిస్క్ వైపు నేను మొగ్గేది ముందు ఇందుకే, వానలో బ్రేకు బాగా పడటం రెండో లాభం.

మూడోది ఎక్కుడు గేరు. చవక సైకిళ్ళలో ముందు చిన్న చైన్‌వీల్ 42 పళ్ళు, వెనక పెద్దది 28 పళ్ళు ఉండటం మామూలే. ఒక్కసారి పెడల్ తిప్పితే సైకిల్ సుమారు 3.2 మీటర్లు వెళ్తుంది. ముందు 34, వెనక 32 ఉంటే 2.27 మీటర్లే. నిమిషానికి 60 సార్లు తిప్పుతూ 8 శాతం ఎక్కుడు ఎక్కుతున్నారనుకోండి. మొత్తం 80 కిలోలకి, మొదటి దాంట్లో పైకి లాగడానికే దాదాపు 200 వాట్లు కావాలి, రెండో దాంట్లో 142 సరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది 200 వాట్లు పది నిమిషాలు కూడా పట్టి ఉంచలేరు. విశాఖ వాళ్ళు కైలాసగిరి ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ వెళ్ళాలా, తొక్కుకుంటూ వెళ్ళాలా అన్నది తేల్చేది ఈ రెండు అంకెలే. రెండు కిలోల బరువు తగ్గించడం కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ సాయం.

మరి స్పెక్ షీట్‌లో డబ్బు పెట్టదగ్గది ఏమీ లేదా? ఒకటుంది. గేరు మార్చే మీట బ్రేకు లీవర్‌లోనే ఉండాలి. బాగా చవక వాటిలో అది హ్యాండిల్ మధ్యలోనో ఫ్రేమ్ మీదో ఉంటుంది. పక్కన ఆటో దూసుకొచ్చే రోడ్డులో గేరు కోసం బ్రేకు మీద నుంచి చెయ్యి తీయడం నాకు నచ్చదు. క్లారిస్ దగ్గరే ఈ సదుపాయం వచ్చేస్తుంది.

సీనియర్ల వాదనలో ఒక నిజముంది, ఒప్పుకోవాలి. చవక సైకిల్ కొని తర్వాత గ్రూప్‌సెట్ మారుద్దాం అనుకుంటే, ముందే మంచిది కొన్నదానికంటే ఎక్కువ ఖర్చవుతుంది. కరెక్టే. అందుకే మార్చుదామనే ఆశతో కొనొద్దు, ఉన్నదున్నట్టు తొక్కడానికే కొనండి. కానీ అదే తర్కం సైజుకి పెట్టి చూడండి. గ్రూప్‌సెట్ ఖర్చుతోనైనా మారుతుంది, ఫ్రేమ్ సైజు ఎంత ఖర్చు పెట్టినా మారదు. మన బడ్జెట్‌లో సరైన సైజు క్లారిస్, సైజు తప్పిన టియాగ్రా ఎదురెదురుగా ఉంటే నేను ఆలోచించకుండా క్లారిస్ అంటాను.

స్పీడ్ గురించి బెంగ ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క. బ్రెవే అనే దూరపు రైడ్లున్నాయి, మన ఊళ్ళలోనూ జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లకి ఇచ్చే టైమ్ 13 గంటల 30 నిమిషాలు. ఆగిన టైమ్‌తో కలిపి గంటకి 15 కిలోమీటర్ల లోపే. అక్కడ ఓడించేది తక్కువ స్పీడ్ కంటే ఎక్కువగా నడుమూ అరచేతులే.

అందరూ రోడ్ బైక్ కొనాలని నేననను. హాస్టల్ నుంచి గేటు దాకా, గేటు నుంచి టిఫిన్ సెంటర్ దాకా అయితే మామూలు సైకిల్ చాలు. దారంతా మట్టి, కంకర అయితే తిన్నటి హ్యాండిల్ హైబ్రిడ్ మేలు. ఒక్క విడతలో 20 కిలోమీటర్ల పైన తొక్కే రోడ్డు దగ్గర్లో ఉంటేనే రోడ్ బైక్ ఆలోచించండి. హైదరాబాద్ వాళ్ళకి ఓఆర్ఆర్ పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ ఉంది, మొత్తం 23 కిలోమీటర్లు. విశాఖ వాళ్ళకి భీమిలి బీచ్ రోడ్డుంది.

సెకండ్ హ్యాండ్‌కి నేను పూర్తిగా ఓటేస్తాను, సైజు మీదే అయితే. వెల్డింగుల దగ్గర పగుళ్ళు చూడండి. చక్రం తిప్పి అటూ ఇటూ ఊగుతుందేమో చూడండి. టేపుతో చైన్ కొలవండి: కొత్త చైన్‌లో 24 లింకుల దూరం కచ్చితంగా 12 అంగుళాలు. అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే చైన్‌తో పాటు వెనక చక్రాలూ అరిగినట్టే. ఆ ఖర్చు రేటులో తగ్గించమనండి.

ఇంకొక్క మాట, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరం ఆడొద్దు. బడ్జెట్ 40 వేలయితే సైకిల్‌కి 35 వేలే అనుకోండి. మిగతాది హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, తాళం, రెండు ట్యూబులు, పంపు. రోడ్ బైక్ ట్యూబులకి ఎక్కువగా ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, సన్నగా పొడవుగా. మన పంక్చర్ షాపుల పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, అది జేబులో లేకపోతే ఊరి మధ్యలో ఉన్నా గాలి కొట్టించుకోలేరు.

షాపుకి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో స్క్రీన్‌షాట్లతో పాటు జేబులో టేపు కూడా పెట్టుకోండి. మీ సైజు లేదంటే తెప్పించమని అడగండి. "ఇదే సరిపోద్ది" అంటే నవ్వి బయటికి వచ్చేయండి. సర్దుకోవాల్సింది సైకిల్, మీరు కాదు.