కారణం వ్రాయని రాజీనామా

సూరత్ నగరపు దక్షిణపు అంచున, నవసారి వైపు సాగే దారిలో ఉన్ అనే పేట ఉన్నది. ఒకప్పుడు పల్లె. నేడు మరమగ్గాల, రంగుల అద్దకపు మిల్లుల కార్మికులు ఇరుకు గదులలో తలదాచుకొనే బస్తీ. భేస్తాన్, సచిన్ రైల్వేస్టేషన్లు దీనికి చేరువలోనే ఉన్నవి. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ జిల్లాల నుండి మగ్గం పనికి వచ్చి సూరత్ పరిసరాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవి. ఒకప్పుడు వారి డబ్బు ఇంటికి చేరినది మనీఆర్డరు మీద. వారు ఇంటికి చేరేది రైలు మీద. కనుక ఈ ఊరి మాట మన తపాలా, రైల్వే ఉద్యోగులకు పరాయి మాట కాదు.

2021 సెప్టెంబరు 11న గుజరాత్ ముఖ్యమంత్రి విజయ్ రూపానీ ఆకస్మికంగా రాజీనామా చేసినారు. అంతకు నెల రోజుల ముందే, ఆగస్టులో, ఆయన పాలనకు అయిదేండ్లు నిండిన సందర్భంగా ప్రభుత్వమే ఉత్సవాలు జరిపినది. శాసనసభలో ఆయన ఓడిపోలేదు. అవిశ్వాస తీర్మానం లేదు. న్యాయస్థానం తీర్పు లేదు. పార్టీలో కార్యకర్తల బాధ్యతలు కాలానుగుణంగా మారుచుండుట పరిపాటి అన్న భావం తప్ప ప్రజలకు ఆయన చెప్పిన కారణం మరొకటి లేదు. రెండు రోజులకు, 13వ తేదీన, తొలిసారి శాసనసభకు ఎన్నికైన భూపేంద్ర పటేల్ ప్రమాణస్వీకారం చేసినారు. 16వ తేదీన ఏర్పడిన కొత్త మంత్రివర్గంలో పాత మంత్రి ఒక్కరు కూడ లేరు.

రూపానీ 2025 జూన్ 12న అహమ్మదాబాదు విమాన ప్రమాదంలో మరణించినారు. ఆ దుర్ఘటనలో పోయిన వారందరికీ మా సంతాపం. ఈ సంపాదకీయం ఆయన వ్యక్తిత్వం మీద విమర్శ కాదు. ఆ రాజీనామాను ప్రజలు ఎట్లు స్వీకరించినారు, అందునుండి కార్మికులమైన మనము ఏమి నేర్చుకొనవలె అన్నదే మా విచారణ.

ఆ రోజులలో మేము విన్న మాటలు రకరకాలుగా ఉన్నవి. కరోనా రెండవ తాకిడిలో ప్రభుత్వం పడిన తడబాటే కారణమని కొందరన్నారు. మరుసటి ఏడు రానున్న ఎన్నికల కొరకు కులాల లెక్క సరిచేసుకొన్నారని కొందరన్నారు. పార్టీలోని తగవులని మరికొందరన్నారు. ఎవరి ఊహ వారిది. ఊహకు తావు ఇచ్చినది మాత్రం కారణం చెప్పని ఆ కాగితమే. మగ్గం మీద పనిచేసే ఒక తెలుగు కార్మికుడు ఈ చర్చ అంతా విని, “గద్దె మీద మనిషి మారితే మాకు మీటరు మీద పైసా మారుతుందా అన్నా?” అని అడిగినాడు. ఒక పోస్టుమాన్ సోదరుడు, “ఉత్తరం చేరినది, వ్రాసినవారి సంగతి మాత్రం కవరు మీద లేదు” అన్నాడు. ఈ రెండు మాటలలో ఒకటి నిరాశ, మరొకటి ప్రశ్న. నిరాశ సహజమైనది. కాని మేము ప్రశ్న పక్షాన నిలువదలచినాము.

మన ఉద్యోగాలలో పద్ధతి ఏమిటి? దారిలో బండి మూడు నిమిషాలు ఆగిపోతే ఎక్కడ ఆగినది, ఎందుకు ఆగినది, ఎప్పుడు కదిలినది గార్డు తన పుస్తకంలో వ్రాయవలె. స్టేషన్ మాస్టరు డ్యూటీ దిగేటప్పుడు లైను మీద ఏ బండి ఉన్నదో, ఏ సిగ్నలు చెడినదో వ్రాసి, వచ్చినవానితో సంతకం చేయించి గాని ఇంటికి పోరాదు. సబ్ పోస్టుమాస్టరు బదిలీ అయితే నగదు, స్టాంపులు, తాళపుచెవులు లెక్కచూపి ఛార్జి రిపోర్టు మీద ఇద్దరూ సంతకాలు చేయవలె. పావలా తేడా వచ్చినా సంజాయిషీ తప్పదు. అయిదేండ్లు ఒక రాష్ట్రాన్ని ఏలినవారు గద్దె దిగేటప్పుడు మాత్రం ఏ వాగ్దానం నెరవేరినది, ఏది మిగిలినది, దానిని ఎవరికి అప్పగించుచున్నారు అన్న లెక్క ప్రజలకు చెప్పనక్కరలేదట! మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించవలెనని రాజ్యాంగపు 164వ అధికరణం చెప్పుచున్నది. కాని ముఖ్యమంత్రి రాజీనామాకు కారణం చూపి తీరవలెనన్న నిబంధన లేదు. చట్టంలో లేనంత మాత్రాన మర్యాదలో ఉండరాదా?

ఆ మర్యాద ఎట్టిదో రైల్వే కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా ప్రయాణికులు మరణించినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపినారు. ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడు నవంబరులో తమిళదేశపు అరియలూరులో మరియొక ఘోరం జరిగినది. శాస్త్రి మరల రాజీనామా చేయగా, ఈసారి అంగీకరించినారు. దోషం శాస్త్రిది కాకపోయినను బాధ్యత అన్నదానికి ఒక ఆదర్శం నిలువవలెనని నెహ్రూ భావం. ఆ రాజీనామా కూలిన వంతెనను కట్టలేదు, పోయిన ప్రాణాలు తేలేదు. అది మాకు తెలుసు. అయినను దానికి కారణం ఉన్నది, ఆ కారణం దేశమంతటికీ తెలిసినది. 1999లో గైసల్ ప్రమాదం తరువాత నితీష్ కుమార్ చేసిన రాజీనామా కూడ ఆ కోవకు చెందినదే.

దీనికి విరుద్ధమైన చిత్రం కూడ చూచినాము. 2023 జూన్ 2న ఒడిషాలోని బాలేశ్వర్ దగ్గర సుమారు 290 మంది ప్రాణాలు కోల్పోయినారు. మంత్రి రాజీనామా చేయవలెనని ప్రతిపక్షాలు కోరినవి. అది జరుగలేదు. జూలైలో మాత్రం ముగ్గురు రైల్వే ఉద్యోగులను సి.బి.ఐ. నిర్బంధించినది. వారి దోషమెంతయో న్యాయస్థానం తేల్చవలె, ఆ విషయంలో మేము ముందుగా తీర్పు చెప్పబోము. కాని బాధ్యత అన్నది నీరువలె ఎల్లప్పుడు పల్లమునకే పారవలెనా అని అడిగే హక్కు మనకు ఉన్నది. కారణం చెప్పక గద్దె దిగుట, కారణం ఉన్నను గద్దె దిగకుండుట రెండూ ఒకే చెట్టు కొమ్మలు. జవాబు చెప్పవలసినది ప్రజలకు కాదు, పైవారికే అన్న తలంపు ఆ చెట్టుకు వేరు.

ప్రజలు ఎల్లప్పుడు ప్రేక్షకులుగానే ఉన్నారా? లేదు. ఇదే గుజరాత్‌లో 1973 డిసెంబరులో అహమ్మదాబాదు ఇంజనీరింగు కళాశాల భోజనశాల రుసుము పెంపు మీద మొదలైన విద్యార్థుల అలజడి, ధరల మంటతో నవనిర్మాణ ఉద్యమమై రాష్ట్రమంతటా వ్యాపించినది. 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేయక తప్పలేదు. మార్చిలో శాసనసభ రద్దయినది. అక్కడ రాజీనామా ముందు, ప్రజల స్పందన వెనుక కాదు. స్పందనే ముందు నడచినది. అయితే ఆ ఉద్యమకాలంలో శాసనసభ్యుల చేత బలవంతంగా కూడ రాజీనామాలు వ్రాయించినారు. ఆ అనుభవం తరువాతనే అదే ఏడు 33వ రాజ్యాంగ సవరణ వచ్చినది. సభ్యుని రాజీనామా స్వచ్ఛందమైనదా, నిజమైనదా అని సభాపతి విచారించి గాని అంగీకరించరాదన్నది దాని సారాంశం. సామాన్య సభ్యుని రాజీనామాకే ఇంత విచారణ ఉండగా, ముఖ్యమంత్రి రాజీనామా స్వచ్ఛందమా, పైనుండి వచ్చిన ఆజ్ఞయా అని అడుగుట తప్పు కానేరదు.

మన ఆంధ్రప్రదేశ్ అనుభవం మరియొకటి. 1978 నుండి 1983 జనవరి వరకు ఒకే శాసనసభ కాలంలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి అను నలుగురు ముఖ్యమంత్రులను చూచినాము. మార్పు నిర్ణయాలు హైదరాబాదులో గాక ఢిల్లీలో జరుగుచున్నవని ప్రజలు గ్రహించినారు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలలలో, 294 స్థానాల సభలో 200కు పైగా గెలిచినది. గుజరాత్‌లో జరిగినది వేరు. 2022 డిసెంబరు ఎన్నికలలో ముఖ్యమంత్రిని మార్చిన పార్టీయే 182 స్థానాలలో 156 గెలిచినది. ఒకచోట మార్పు ఆగ్రహం రగిల్చినది, మరొకచోట ఆగ్రహమేమైనా ఉండినను అది ఓట్లలో కానరాలేదు. కావున ఆకస్మిక రాజీనామా తనంతట తాను ప్రజలను మేల్కొలుపుననుకొనుట భ్రమ. సంఘటితమైన ప్రశ్న ఉన్నచోటనే అది రాజకీయ శక్తి కాగలదు.

ఈ సందర్భంలో సూరత్‌కు, మనకు ఉన్న పాత సంబంధమొకటి గుర్తుచేయవలె. 1957 నుండి వరుసగా సూరత్ నుండి లోక్‌సభకు ఎన్నికైన మొరార్జీ దేశాయి 1977లో ప్రధాని అయినారు. 1974 మే నెలలో ఇరువది రోజులు సమ్మెచేసి, నిర్బంధాలకు, తొలగింపులకు గురియైన రైల్వే కార్మికులు కొత్త ప్రభుత్వం మీద ఎంతో ఆశపెట్టుకొన్నారు. బోనసు మన ముఖ్యమైన కోరిక. 1979 జూలై 15న మొరార్జీ రాజీనామా చేసేనాటికి ఆ కోరిక నెరవేరలేదు. రైల్వేలలో ఉత్పాదకతతో ముడిపడిన బోనసు 1979-80 సంవత్సరానికి మొదటిసారి వచ్చినది. ప్రధాని మారినందువలననే వచ్చినదా? అట్లు అనుకొనుట పొరపాటు. 1974లో జైళ్లకు పోయినవారు, ఆ తరువాత అయిదేండ్లు ప్రతి సమావేశంలో ఆ అంశాన్ని ఎజెండా మీద నిలిపినవారు లేకున్న ఎంతమంది ప్రధానులు మారినను బోనసు వచ్చి ఉండెడిది కాదు. పోయిన మంత్రి కొరకు విలపించవద్దు, వచ్చిన మంత్రికి పల్లకీ మోయవద్దు. మన కోరిక ఫైలులో సజీవంగా ఉన్నదా లేదా అన్నదే చూచుకొనవలె.

2025 జూలై 21న, పార్లమెంటు సమావేశాలు మొదలైన రోజుననే, ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేసినారు. కారణం చెప్పినను దేశమంతటా ఊహాగానాలు ఆగలేదు. ఎందువలన? చెప్పిన కారణాన్ని సైతం నమ్మని స్థితికి ప్రజలు వచ్చినారు. ఇది ఒక వ్యక్తి పరువుకు సంబంధించిన విషయం కాదు, ప్రజాస్వామ్యపు ఆరోగ్యానికి సంబంధించినది. నమ్మకం పోయిన తరువాత సత్యం చెప్పినను చెల్లని నాణెమే అగును.

మరి మనము చేయవలసినది ఏమి? మొదటిది, ఏ మంత్రి నోటిమాటను ఒప్పందంగా భావించరాదు. శాశ్వత సంప్రదింపుల యంత్రాంగంలో గాని, 1966 నుండి ఉన్న జె.సి.ఎం.లో గాని చర్చించిన ప్రతి అంశం మినిట్సులోకి ఎక్కవలె, ప్రభుత్వం పేర ఎక్కవలె. రెండవది, మంత్రి మారిన నెలలోగా పెండింగు అంశాల జాబితాను కొత్తవారికి అందజేసి రసీదు పుచ్చుకొనవలె. వారు ఇవ్వని ఛార్జి రిపోర్టును మనమే తయారుచేసి ఇత్తుము. 2004 జనవరి 1 తరువాత చేరినవారి పెన్షను సమస్య, గ్రామీణ డాక్ సేవకుల హోదా సమస్య ఎందరు మంత్రుల చేతులు మారినవో లెక్కపెట్టి చూడుడు. మూడవది, పదవి విడిచే మంత్రులు చట్టసభ ముందు కారణం చెప్పే సంప్రదాయం కావలెనని మన సమాఖ్య అన్ని వేదికల మీద కోరవలె.

ఇతరులకు చెప్పేముందు మన ఇల్లు చూచుకొనవలె. మా ముప్పయి ఏండ్ల సంఘజీవితంలో ఒక శాఖాకార్యదర్శి సభలో మాట పడలేక రాజీనామా కాగితం బల్లమీద విసరి వెళ్లిపోవుట కండ్లార చూచినాము. సభ్యత్వపు రిజిస్టరు ఆయన ఇంటిలోనే ఉండిపోయినది. ఒక గ్యాంగ్‌మన్ సోదరుని అప్పీలు కాగితాలు ఆ సంచిలోనే ఉన్నవి. అవి దొరికేసరికి గడువు దాటిపోయినది. ఆ కార్యదర్శి దుర్మార్గుడు కాడు, నొచ్చుకొన్న మనిషి. కాని ఆయన కోపానికి వెల చెల్లించినది ఆ గ్యాంగ్‌మన్. ఆయనను పంపించివేసి, కాగితాలు ఎక్కడ అని ఆ రోజే అడుగని తప్పు మాది కూడ. కనుక ఇకమీదట మన శాఖలలో ఎవరు పదవి విడిచినను కారణం వ్రాయవలె, లెక్కలు అప్పగించవలె, కేసుల జాబితా మీద సంతకం చేయవలె. మంత్రులను అడుగుటకు మనకు నోరు ఉండవలెనన్న ముందు మన చేతులు శుభ్రంగా ఉండవలె.

ఉన్‌లోని ఆ మగ్గం కార్మికుడు అడిగిన ప్రశ్నకు మా సమాధానం ఇది. గద్దె మీద మనిషి మారినంత మాత్రాన నీ మీటరు మీద పైసా మారదు, తమ్ముడూ. నీవు, నీ పక్క మగ్గం మీదివాడు, మీ ఇద్దరి ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్, మిమ్ములను ఊరికి చేర్చే రైలు నడిపేవాడు ఒక్కటిగా నిలిచి అడిగిననాడు మారును. గద్దె ఎక్కేవారు మన ఓటు అడుగుచున్నారు. దిగేవారు మనకు కారణం చెప్పవలె. అది దయ కాదు, మన హక్కు.