మసక ఫోటోకు మందు చెప్పుట ఎట్లు?



పైరుకు తెగులు తగిలినప్పుడు ఆకును సంచిలో వేసికొని ఆఫీసుకు వచ్చుటకు బదులు, నేడు మీరు ఫోనుతోనో, డిజిటల్ కెమేరాతోనో ఫోటో తీసి పంపుచున్నారు. ఇది మెచ్చదగిన అలవాటే. కాని ఆ ఫోటోలలో అనేకము మసకబారి యుండుచున్నవి. అట్టి ఫోటోను చూచి మందు చెప్పుటకంటె చెప్పకుండుటయే మేలని నా అభిప్రాయము.

మిరపనే తీసికొనుడు. ఆకులు పైకి దొన్నెవలె ముడుచుకొనినచో అది తామర పురుగుల పని. తిరగవేసిన పడవవలె క్రిందికి ముడుచుకొని, కాడలు సాగినచో అది తెల్లనల్లి పని. ఒకదాని మందు రెండవదానికి పనిచేయకపోవచ్చును. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చల్లినచో నల్లి తగ్గకపోగా పెరుగుట కూడ కలదు. ఒకసారి నేనే ఒక మసక ఫోటోను చూచి తామర పురుగులని చెప్పితిని. మరునాడు చేనికి పోయి భూతద్దముతో చూడగా నల్లి కనబడినది. అప్పటికే ఆ రైతు మందు కొని చల్లియుండెను. ఆ నష్టములో నా తప్పును కలదు.

కెమేరా చౌకదని నిందించిన లాభము లేదు. లోపము తరచుగా వెలుతురులోను, చేతిలోను, దూరములోను ఉండును. మసక చీకటిలో కెమేరా తన కన్నును ఎక్కువసేపు తెరచియుంచును. ఆలోగా చేయి కదలినను, గాలికి ఆకు ఊగినను బొమ్మ చెదరిపోవును. కనుక గాలి తక్కువగానుండు ఉదయపువేళ, మంచి వెలుతురులో తీయవలెను. మోచేతులను ప్రక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కవలెను. ఆకు ఊగుచున్నచో రెండవ చేతితో కాడను పట్టుకొనవలెను.

పురుగు చిన్నదని కొందరు కెమేరాను ఆకునకు ఆనింతురు. ప్రతి కటకమునకు కనీస దూరమొకటి కలదు. అంతకంటె దగ్గరకు పోయిన బొమ్మ స్పష్టముగా రాదు. డిజిటల్ కెమేరాలోని పువ్వు గుర్తు దగ్గరి బొమ్మల కొరకే ఏర్పడినది. మీటను సగము నొక్కి, ఆకు స్పష్టపడిన పిదప పూర్తిగా నొక్కవలెను. ఫోనులోనైతే తెరమీద ఆకు ఉన్నచోట వ్రేలితో తాకవలెను. లేనిచో వెనుకనున్న గట్టు చక్కగా వచ్చి, ఆకు మసకబారవచ్చును. తీయుటకు ముందు అద్దముమీది దుమ్మును, చెమటను మెత్తని గుడ్డతో తుడువుడు.

ఒక్క ఫోటో చాలదు. చేను, మొక్క, ఆకు అడుగుభాగము, పువ్వు వేరువేరుగా తీయుడు. 2021లో మన మిరప తోటలను దెబ్బతీసిన కొత్తరకము తామర పురుగు పూలలోనే ఎక్కువగా చేరును గదా!

గ్రామోద్యోగులు ఈ పద్ధతిని చేనిలో రైతులకు చేసి చూపవలెను. పంపుటకు ముందు ప్రతి ఫోటోను పెద్దది చేసి చూచుకొనుడు. ఆకు ఈనెలు మీ కంటికి కనబడనిచో, పురుగు నా కంటికి కనబడదు. మరియొక ఫోటో తీయుటకు కాణీ ఖర్చు లేదు. తప్పు మందుకు ఖర్చును కలదు, పంట నష్టమును కలదు.